అన్నకు మూడు నెలలుగా రంది: ఎవరికి చూపించాలి, మందులు ఎంతకాలం వాడాలి?

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 34 ఏళ్ల వాళ్ల అన్న 5 ఎకరాల్లో పత్తి, కొంత మిర్చి సాగు చేస్తాడు. మూడు నెలలుగా చేను వైపు పోవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటున్నాడు, రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరుపుతున్నాడు, ఈ మధ్య రెండుసార్లు "నేను ఉండి ఏం ఫాయిద" అన్నాడు. ఊళ్లోని ఆర్‌ఎంపీ బలానికని సెలైన్ ఎక్కించి, నిద్రకు గోళీలు ఇచ్చాడు. మొక్కు చెల్లించలేదు కాబట్టే ఇట్లా అయిందని తల్లి అంటోంది. ఎవరికి చూపించాలి, మందులు జీవితాంతం వాడాలా, ఆయన రానంటే ఏం చేయాలి, పెండ్లి కావలసిన చెల్లె ఉంది కాబట్టి నలుగురికీ తెలిస్తే ఎట్లా, నాకు పది రోజుల సెలవే ఉంది కదా అని ఆ తమ్ముడు రాశారు.

నేను 22 ఏళ్లుగా హనుమకొండలో మనోవైద్యుడిగా పనిచేస్తున్నాను. ముందుగా సూటిగా జవాబు చెబుతాను. మీ అన్నను ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించండి. చావు మాట మళ్లీ వినిపిస్తే వారం కాదు, ఆ రోజే తీసుకెళ్లండి. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది డిప్రెషన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఎదుటికి వచ్చి మాట్లాడిన తర్వాతే ఎవరైనా ఖాయంగా చెప్పగలరు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు చాలామందికి జీవితాంతం మందులు అవసరం ఉండదు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రైవేటుగా కూడా వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో సైకియాట్రిస్టులు ఉన్నారు. వెళ్లేలోపు మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అన్నే ఫోన్ చేయాలని లేదు, మీరు చేసి మీ అనుమానాలు అడగవచ్చు.

ఇక వివరంగా రాస్తాను. "ఉండి ఏం ఫాయిద" అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. మన వైపు ఇటువంటి మాటను విసుగులో అన్నదిగా కొట్టిపారేస్తారు, లేకపోతే "అట్లాంటి మాటలు నోట్ల నుంచి రానియ్యకు" అని కసురుతారు. రెండింటి వల్లా ఆ మనిషి మరుసటిసారి ఆ మాట బయటికి అనడు, మనసులోనే అనుకుంటాడు. మీరు ఒక్కరే ఆయన పక్కన కూర్చున్నప్పుడు నేరుగా అడగండి: "అన్నా, చచ్చిపోవాల్నని అనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం చదువుకున్న వాళ్లలో కూడా ఉంది. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు దాన్ని బలపరచడం లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ ప్రశ్న వినగానే ఏడ్చి, ఆ తర్వాత తేలికపడ్డారు. అన్ని నెలలుగా మోస్తున్నది ఒకరితో పంచుకోవడానికి వీలు దొరికింది కాబట్టి. అవునని అంటే కంగారుపడి ఉపదేశం మొదలుపెట్టకండి. ఎన్ని రోజుల నుంచి, ఎంత తరచుగా అని అడిగి వినండి, ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరండి, ఒంటరిగా మాత్రం వదలకండి.

రెండో పని ఆయన ఏమి చెప్పినా చెప్పకపోయినా చేయవలసినది. ఇంట్లో, చేను దగ్గరి కొట్టంలో ఉన్న పురుగు మందు, గడ్డి మందు డబ్బాలన్నీ ఈ రోజే వేరే ఇంటికి తరలించండి. తాళం వేసి తాళంచెవి దూలం మీద పెడితే సరిపోదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్ర గోళీలు కూడా మీ అమ్మగారి దగ్గరో మీ దగ్గరో ఉంచి, ఏ పూటవి ఆ పూటే ఇవ్వండి. చచ్చిపోవాలన్న ఆలోచన తీవ్రంగా ఉండే సమయం చాలామందిలో కొద్ది గంటలు, ఒక్కోసారి కొద్ది నిమిషాలే. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ఆ మనిషి చాలాసార్లు బతికి బయటపడతాడు. పత్తి పండించే ఇండ్లలో ప్రమాదం చేతికందే దూరంలోనే ఉంటుంది కాబట్టి ఈ సంగతిని నా దగ్గరికి వచ్చే ప్రతి రైతు కుటుంబానికీ, అడిగినా అడగకపోయినా, మొదటి రోజే చెబుతాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా చెబుతాను.

ఆయన రానంటే ఏం చేయాలి అన్నారు. సాధారణంగా మనిషి నిరాకరించేది వైద్యాన్ని కాదు, "నీకు పిస్స లేసింది" అన్న ముద్రను. మన జిల్లాల్లో డిప్రెషన్‌తో ఉన్నవాళ్లు "మనసు బాగా లేదు" అని చెప్పడం అరుదు. "పానం మంచిగ లేదు, ఒళ్లంత గుంజుతంది, తల మొద్దుబారింది, గుండె దడదడ అంటంది" అంటారు. జమ్మికుంట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నాకు బాగా గుర్తు (గుర్తుపట్టే వివరాలు ఈ సమాధానంలో అన్నిచోట్లా మార్చాను). పద్నాలుగు నెలలు గుండె డాక్టరు, పొట్ట డాక్టరు, నరాల డాక్టరు చుట్టూ తిరిగి, స్కానులతో నిండిన సంచి ఒకటి పట్టుకుని వచ్చాడు. ప్రతిచోటా "నీకేం లేదు" అన్నారు. ఆ మాట ఆయనకు ఊరటగా తోచలేదు. తన బాధను ఎవరూ నమ్మడం లేదని తోచింది. నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. నొప్పి నిజమేనని ఒప్పుకున్నాను, ఆ తర్వాత పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తుందో, మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే సంతోషం అనిపిస్తుందో లేదో అడిగాను. రెండో ప్రశ్నకు ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

కాబట్టి మీ అన్నతో ఆయన బాధ గురించే మాట్లాడండి: "నీకు నిద్ర పడ్తలేదు, బువ్వ సయిస్తలేదు, మూడు నెలల నుంచి చూస్తున్న. దీనికి డాక్టర్ ఉన్నడు, ఒక్కసారి పోయి మాట్లాడి వద్దాం, నచ్చకుంటే తిరిగొద్దాం." ఏ డాక్టరు దగ్గరికని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. జనరల్ డాక్టరని చెప్పి తీసుకొచ్చినవాళ్లు గుమ్మం ముందు బోర్డు చదివి వెనక్కి తిరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల ఏ మాటా వాళ్లు నమ్మలేదు. ధైర్యంగా ఉండు, పిల్లల ముఖం చూసి లేచి పని చేసుకో అన్న మాటలు కూడా వద్దు. ఆయన లేవలేకపోతున్నందుకే సిగ్గుపడుతున్నాడు, ఆ మాట ఆ సిగ్గును పెంచుతుంది. మీ మాట వినకపోతే ఎవరి మాట వింటాడో ఆలోచించండి; చాలా ఇండ్లలో అది బావ, లేదా చిన్నప్పటి దోస్తు. అప్పటికీ రాకపోతే, ముందు మీరు ఒక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడవచ్చు, చాలామంది అట్లాగే మొదలుపెడతారు. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు మాత్రం ఒప్పుకునేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి అత్యవసర పరిస్థితిలో మనోవైద్యుడే ఉండాలన్న నియమం లేదు, రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా 72 గంటల వరకు చికిత్స ఇవ్వవచ్చు.

మొదటి రోజు ఏం జరుగుతుందో తెలిస్తే మీ ఇద్దరికీ భయం సగం తగ్గుతుంది. మాటలే ఎక్కువ. నిద్ర, ఆకలి, బరువు, పని మీద ఆసక్తి, అప్పులు, తాగుడు, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా అయిందా అని అడుగుతారు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక నింపించవచ్చు. గత రెండు వారాల్లో ఎట్లా ఉన్నారో ఆ ప్రశ్నలు అడుగుతాయి, తొమ్మిదోది చావు ఆలోచనల గురించే. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, కొందరికి బీ12 పరీక్షలు రాస్తారు, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా రక్తం తక్కువైనా మనిషి ఇదే తీరున నీరసపడి ముడుచుకుపోతాడు. డాక్టరు కొంతసేపు ఆయనతో విడిగా మాట్లాడతానంటే మీరు బయటికి రావాలి, దాన్ని తప్పుగా అనుకోకండి.

ఒక ప్రశ్నకు జవాబు మాత్రం మీరు ఇంటి నుంచే సిద్ధం చేసుకుని రండి. ఇంతకుముందు ఎప్పుడైనా, వారం పది రోజులపాటు, నిద్ర లేకున్నా అలసట లేకుండా, అతిగా మాట్లాడుతూ, లేని డబ్బు ఖర్చుపెడుతూ, కోపంగానో మితిమీరిన హుషారుగానో ఉన్నాడా? వృత్తిలో మొదటి సంవత్సరాలలో ఒక యువకుడి తల్లిదండ్రులను ఈ ప్రశ్న సరిగా అడగకుండానే నేను డిప్రెషన్ మందు రాశాను. మూడు వారాలకు అతడు రాత్రింబవళ్లు నిద్రపోకుండా, ఊరంతా తిరుగుతూ, బండి తాకట్టుపెట్టి పంచిపెట్టే స్థితికి వచ్చాడు. అతడిది బైపోలార్ సమస్య, అంటే మనసు కొన్నాళ్లు కుంగిపోయి, కొన్నాళ్లు మితిమీరిన హుషారుకు పోయే జబ్బు. దాని చికిత్స వేరు, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మనసు ఇట్లా రెండో కొసకు పోతుంది. అతడు కోలుకున్నాడు గానీ ఆ కుటుంబం పడిన ఆ నెల రోజుల యాతనకు కారణం నా తొందరే. ఆనాటి నుంచి ఈ ప్రశ్నను ఇద్దరు వేర్వేరు మనుషులను అడగకుండా నేను మందు రాయను.

మందుల విషయానికి వస్తాను. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ వంటివి ఎక్కువగా రాస్తారు. ఇవి మత్తు మందులు కావు, నిద్రమాత్రలు కావు, తాగుడులాగా అలవాటై రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించేవి కావు. ఆర్‌ఎంపీలు, మెడికల్ షాపులవాళ్లు చేతిలో పెట్టే అల్ప్రాజోలం వంటి గోళీలకే ఆ గుణం ఉంది. ఊళ్లలో "మనసు మందులు అలవాటైతయి" అన్న పేరు వచ్చింది చాలావరకు వాటి వల్లనే. మీ అన్న వాడుతున్నవి ఏవో నాకు తెలియదు కాబట్టి ఆ రేకు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. అట్లాగే ఆయనకు రోజూ కల్లు తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. మన ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లులో ఇటువంటి మత్తు మందులే కలుపుతున్నారు. రోజూ తాగే మనిషి చేత ఒక్క రోజులో మాన్పిస్తే వణుకు, మతి చెదరడం, ఫిట్స్ రావడం ఎన్నోసార్లు చూశాను. మాన్పించాలి, అయితే అది వైద్యుడి చూపు కింద జరగాలి.

డిప్రెషన్ మందు పనిచేసే తీరే మనుషులను మోసం చేస్తుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొంత గాబరా ఉండవచ్చు. మేలు మాత్రం రెండు వారాలు దాటితేగాని సరిగా కనిపించదు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే బాధ ముందు, గుణం తర్వాత. సెలైన్ ఎక్కించుకుని సాయంత్రానికి ఫలితం చూసే అలవాటున్న మనకు ఇది చాలా కష్టం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఆమె, భర్త దుబాయిలో ఉంటాడు, తొమ్మిది రోజులు వాడి "కడుపుల తిప్పుతంది, ఫాయిద లేదు" అని ఆపేసింది. ఐదు నెలల తర్వాత ఇంకా చిక్కిపోయి వచ్చినప్పుడు అదే మందును, సగం మోతాదుతో, తిన్న తర్వాత వేసుకునేటట్టు మొదలుపెట్టాము. ఏడో వారంలో వచ్చి, పండుగకు సకినాలు చేశానని చెప్పింది. ఆ ఐదు నెలలు పోకుండా ఆపగలిగేదేమిటని ఆలోచించి, పదో రోజున మా నర్సు చేత ప్రతి కొత్త పేషెంటుకూ ఫోన్ చేయించడం మొదలుపెట్టాను. నా అనుభవంలో మొదటిసారి రావడం కన్నా మూడోసారి రావడం ముఖ్యం. ఆసుపత్రి గడప తొక్కడానికే ఎంతో ధైర్యం కావాలంటారు, నిజమే; కానీ అక్కడిదాకా వచ్చినవాళ్లు జారిపోయేది ఎక్కువగా రెండో వారంలో. మొదటి మందు పడకపోతే మోతాదు మార్చడం, మందు మార్చడం మామూలు విషయం, అది వైద్యం విఫలమైందని కాదు.

ఎంతకాలమంటే, పూర్తిగా కోలుకున్న తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గిస్తారు. ఇంతకుముందు రెండు మూడుసార్లు వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం వంటివి వస్తాయి. ఇంకొక హెచ్చరిక: మందు మొదలైన తొలి వారాల్లో మనసు తేలికపడకముందే ఒంట్లో ఓపిక వచ్చే అవకాశం ఉంది. లేచి తిరుగుతున్నాడు కదా అని అప్పుడే కాపలా సడలించకండి. పాతికేళ్లలోపు పిల్లల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

సైకాలజిస్టు చాలదా అని చాలామంది అడుగుతారు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందు రాయరు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (వాళ్లను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు. తక్కువ స్థాయి డిప్రెషన్‌కు ఆ చికిత్స ఒక్కటే సరిపోవచ్చు. మీ అన్నలాగా తిండి, నిద్ర చెడి, చావు మాట దాకా వచ్చినప్పుడు ముందు సైకియాట్రిస్టు చూడాలి, రెండూ కలిపి చేస్తే ఇంకా మంచిది. ఇందులో ఇంటి దగ్గర కూడా సాయపడగల పద్ధతి ఒకటుంది: మనసు బాగయ్యాక పని మొదలుపెడదామని ఆగకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసును కదిలించడం. గోవాలో మామూలు కౌన్సిలర్లకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది విడతల్లో చేయించినప్పుడు తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా మేలు కనిపించింది. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మీ అన్న విషయంలో అది చేనుకు పోయి పత్తి ఏరడం కాదు. పొద్దున బర్రెకు నీళ్లు పెట్టడం, సాయంత్రం మీతో కలిసి చెరువు కట్ట దాకా నడవడం. వారం రోజులు అదే చాలు.

మీ అమ్మగారి మొక్కు గురించి గొడవపడకండి. మేడారం పోయినా, కొమురవెల్లి పోయినా, కాజీపేట దర్గాకు పోయినా దానివల్ల మందు చెడిపోదు. నా దగ్గర తాయెత్తు కట్టుకుని మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు కోలుకుంటున్నారు. చేతబడి అని చెప్పి కొట్టేవాళ్ల దగ్గరికి, పస్తు ఉంచేవాళ్ల దగ్గరికి, "మందులు బంద్ చెయ్యి" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోనివ్వకండి. అమ్మగారికి చెప్పవలసినది ఒక్కటే: మొక్కు తీర్చుకుందాం, దవాఖానకు ముందు పోదాం.

చెల్లె పెండ్లి సంగతి. పేషెంటు వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టంలోనే ఉంది, ఆసుపత్రి ఎవరికీ చెప్పదు. పరకాల నుంచి వరంగల్‌కు రోజూ ఎన్ని బస్సులు వస్తాయి, ఎవరు ఏ ఓపీకి పోయారో ఊరికి తెలియదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసినప్పుడు సుమారు ఇరవై మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని, అది ఉన్నవాళ్లలో నూటికి 85 మంది దాకా చికిత్స లేకుండానే ఉన్నారని తేలింది. మీ వాడకట్టులో ఇంకో ఇంట్లో ఇదే బాధ ఉండి ఉంటుంది, వాళ్లూ మీలాగే దాస్తున్నారు. ఇన్సూరెన్స్ ఉంటే, మానసిక వ్యాధికీ శరీర వ్యాధితో సమానంగా కవరేజీ ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆత్మహత్యాప్రయత్నం చేసి బతికిన మనిషి మీద కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, సంరక్షణ ఇవ్వాలని చట్టం అంటోంది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాప్రయత్నానికి శిక్ష వేసే పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా లేదు.

చివరగా మీ పది రోజుల సెలవు. మొదటి రెండు రోజుల్లోనే ఆసుపత్రి పని పూర్తిచేసుకోండి, అప్పుడు మందు మొదలైన తొలి వారం మీరు ఇంట్లో ఉంటారు. మీరు వెళ్లిపోయాక రాత్రి ఆయన దగ్గర ఎవరు పడుకుంటారు, గోళీ ఎవరు చేతికి ఇస్తారు అన్నవి పేరుపేరునా తేల్చి వెళ్లండి. "అందరం చూసుకుంటం" అంటే ఎవరూ చూడరు. మీ వదినగారికి ఇప్పటిదాకా ఎవరైనా నిదానంగా ఏమైనా చెప్పారా? ఈ మూడు నెలలు ఆమె కూడా నిద్రపోయి ఉండదు. ఆసుపత్రికి ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. అప్పుల లెక్క మీరు తీసుకోండి, షావుకారుతో మాట్లాడవలసింది ఏదైనా ఉంటే ఈ రెండు నెలలు మీరే మాట్లాడండి, అన్న ముందు ఆ మాట వద్దు. రెండో విజిట్, మూడో విజిట్ తేదీలు ఇప్పుడే రాయించుకుని, మూడోదానికి సెలవు పెట్టుకోండి. ఒక్క రోజు చాలు, పొద్దున వచ్చి రాత్రి బండికి తిరిగి పోవచ్చు.